అసిరితల్లి నడిచిన దూరం

బిలాస్‌పూర్,
జూన్ 9.

చెవులు తప్ప సర్వాంగాలూ దివ్యంగా పనిచేస్తున్న శాంతత్తకు మేనల్లుడు ఓంకార్ నమస్కరించి విన్నవించేది ఏమనగా:

ఫోనులో నా గొంతు నీకు ఇంజను కూతలా వినిపిస్తోందనీ, ఇకమీదట ఏం చెప్పాలన్నా తెలుగులో ఉత్తరం రాయాలనీ ఆజ్ఞాపించావు. ఇక్కడి బడిలో అన్నేళ్ళు తెలుగు చెప్పినదానివి, రిటైరై పార్వతీపురం వెళ్ళినా బెత్తం దించలేదన్నమాట. శిరసా వహిస్తున్నాను.

ముఖ్య వార్త. మన వంశంలో తాత తర్వాత రైల్వే గుమ్మం తొక్కినవాణ్ణి నేనే. తాత పొట్ట చేత పట్టుకుని ఇంత దూరం వచ్చి పట్టాల గ్యాంగులో సుత్తి పట్టాడు, నేను మౌసు పట్టాను. రైల్వే వాళ్ళ దగ్గర తెల్లదొరల నాటి భూమి పటాలున్నాయి. గుడ్డకు అతికించిన కాగితాలు, చెదలు తిని వదిలేసినవి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించే కాంట్రాక్టు ఒక కంపెనీకి దొరికింది. ఆ కంపెనీకి నేను దొరికాను.

పని ఇలా ఉంటుంది. పాత పటాన్ని స్కాన్ చేస్తాం. అందులో ఉన్నదేదైనా ఇవాళ్టికీ నేల మీద మిగిలి ఉందా అని వెతుకుతాం. స్టేషను గోడ మూల, పాత చర్చి, ఒక కల్వర్టు, ఇలాంటివి. పటంలో ఆ చోటునీ, ఉపగ్రహం తీసిన ఫోటోలో అదే చోటునీ కలిపి ఒక మేకు కొడతాం. మౌసుతోనే లే. అలా కొన్ని మేకులు పడ్డాక కంప్యూటరు ఆ పాత కాగితాన్ని అప్పడాల పిండిలా సాగదీసి ఇప్పటి ఊరి మీద పరుస్తుంది. తర్వాత తెర మీద ఒక మీట ఉంటుంది. ఇటు జరిపితే ఇప్పటి బిలాస్‌పూర్. అటు జరిపితే తొంభై ఏళ్ళ కిందటిది.

మామ్మకు చూపించాను. మీట జరపగానే సెల్‌ఫోన్ల కొట్లన్నీ కరిగిపోయి వాటి కింద నుంచి చెరువు పైకి తేలింది. మామ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మా! ఈ సెరువులోనే కదరా మీ తాత గేదెని కడిగీవోడు! పూడ్సీసినారనుకున్నాను. అడుగున అలగే ఉండిపోనాదేటి?" అంది. ఆ తర్వాత మౌసు నా చేతికివ్వలేదు. ఊరిని ముంచుతూ, తేలుస్తూ కూర్చుంది. చివరికి అమ్మ వచ్చి, "అత్తా, నానబెట్టిన పప్పు పులిసిపోతంది, ఆ సెరువు కట్టీసి రండి" అనాల్సి వచ్చింది. రేపటి ఇడ్లీ బండి సంగతి నాన్నకు గుర్తుంటుంది గానీ, చెరువు దొరికిన మనిషికి ఎక్కడ గుర్తుంటుంది?

ఒక్క మన మూలే చిక్కు పెట్టింది. లైను పక్కన మన పదకొండు ఇళ్ళ గల్లీ వైపు పటంలో ఉన్నవేవీ నేల మీద లేవు, రైల్వే సరిహద్దు రాయి ఒకటి మిగిలి ఉండాలి అంతే. వెళ్ళి చూస్తే గల్లీ చివర రాయి అనదగినది మన అసిరితల్లి అమ్మవారొక్కటే. వెనక వైపు పసుపు రాలిన చోట ఫోను లైటు వేస్తే ఏం కనిపించిందనుకున్నావు? చెక్కిన అక్షరాలు. బి.ఎన్.ఆర్. పాత రైల్వే కంపెనీ పేరు! అమ్మవారు పుట్టుకతోనే రైల్వే ఉద్యోగి అత్తా! ఈ పరమ రహస్యం నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కంప్యూటరుకు మాత్రం చెప్పాను. అమ్మ నెత్తి మీద భక్తిగా ఒక మేకు కొట్టాను. పటం మన మూలకు వచ్చి చక్కగా అతుక్కుంది.

నీ
ఓంకార్


పార్వతీపురం,
జూన్ 24.

చిరంజీవి ఓంకార్‌కు,

ఉత్తరం అందింది. తప్పులు దిద్దడం మొదలుపెట్టి సగంలో మానేశాను, కాగితం మీద నీ రాత కంటే నా రాత ఎక్కువైపోతోంది. వారానికొక పేజీ చూచిరాత రాయి. ఉద్యోగస్తుడివైనా సరే.

చెరువు సంగతి మళ్ళీ మళ్ళీ చదివాను. దాని గట్టు మీంచే మేం బడికి నడిచేవాళ్ళం. మా బడి ముందు రెండు గుమ్మాలుండేవి, ఒకటి తెల్లవాళ్ళ పిల్లలకని చెప్పేవారు. నీ పటంలో ఆ రెండో గుమ్మం కూడా ఉందా? చూసి రాయి.

ఒక ప్రశ్న. రైల్వేకి ఉన్నట్టుండి పాత పటాల మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టింది? ఎవరైనా చిన్నప్పటి ఫోటోలు ఊరికే తీసి చూసుకుంటారు గానీ, జీతాలిచ్చి చూపించుకోరు.

ఇంకొక మాట. అమ్మవారి మీద మేకేమిటి? వేరే గుర్తు చూసుకో. దొరకదంటే ఇంకోసారి వెతుకు. ఆ కల్వర్టు ఉంది కదా, అక్కణ్ణించి కొలుచుకో. అమ్మవారి జోలికి పోకు. ఎందుకని అడగకు, పెద్దదాన్ని చెబుతున్నాను.

మా అమ్మ మందులు వేళకు వేసుకుంటోందా?

ఆశీస్సులతో,
శాంతత్త


బిలాస్‌పూర్,
ఆగస్టు 17.

శాంతత్తకు,

రెండో గుమ్మం ఉంది. అది చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

నీ ప్రశ్నకు జవాబు గోడల మీద అంటించి వెళ్ళారు. కొత్త లైను వేస్తున్నారు. దానికి చోటు కావాలి. అందుకని రైల్వే భూమి ఎక్కడిదాకా ఉందో పాత పటంలో చూసుకున్నారు. ఆ పటాన్ని సాగదీసి పరిచిన మహానుభావుడెవరో నీకు తెలుసు. అందులోని సరిహద్దు గీత మన గల్లీ పొడుగునా, పదకొండు ఇళ్ళనూ కోసుకుంటూ పోతోంది. మన ఇంట్లో అది వంటగదిలోంచి వెళ్తుంది. పొయ్యి రైల్వేది, సింకు మనది. ఇడ్లీ పాత్ర కేంద్ర ప్రభుత్వ స్థలంలో ఉడికి, రాష్ట్ర పరిధిలోకి వచ్చి చట్నీ పోయించుకుంటోంది.

అత్తా, పై ముక్క రాస్తూ నవ్వుకున్నాను. రాశాక నవ్వు రాలేదు.

తాత కొన్న స్థలం దస్తావేజు బయటకు తీశాం. అందులో తూర్పు హద్దు "రైల్వే హద్దు" అని ఉంది. అంటే రైల్వే హద్దు ఎక్కడుంటే మనం అక్కడిదాకా. ఆ హద్దు ఎక్కడుందో నేనే చెప్పాను. ఇళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. అభ్యంతరాలుంటే విచారణలో చెప్పుకోమన్నారు.

అమ్మ రెండు రోజులు గిన్నెలతోనే మాట్లాడింది. మూడో రోజు అంట్లు తోముతూ, "ఒరే, నా కడుపునే పుట్టినావు కదా. గీత కొంచెం వంచి గీసీలేకపోనావేటిరా?" అంది. ఎదురింటి గిరిబాబు నన్ను చూస్తే లేచి నిలబడుతున్నాడు. "ఆయియే సాబ్, ఆయియే. ఊరంతా వదిలీసి మా ఇళ్ళతోనే బోణీ కొట్టినారు, అచ్ఛా కామ్ కియా" అని సెల్యూట్ కొడుతున్నాడు. మంగాయమ్మ పిన్నయితే నేను చిన్నప్పుడు వాళ్ళింట్లో తిన్నవన్నీ గల్లీలో నిలబడి గట్టిగా జ్ఞాపకం చేసుకుంటోంది. ఉప్పు చేప దగ్గర్నుంచి.

మా టీమ్ లీడర్ జయప్రకాష్ గారు గుంటూరు మనిషి, మంచివారు. ఆయన దగ్గరకు వెళ్ళి మేకు తీసేస్తానన్నాను. "నీ ఇల్లు ఆ గీత మీదే ఉందని ముందే ఎందుకు చెప్పలేదు? ఇప్పుడు ఆ షీటు నువ్వు ముట్టుకుంటే నీ ఉద్యోగమే కాదు, నాదీ పోతుంది" అన్నారు. షీటుకు తాళం వేశారు. మేకు కొట్టే అధికారం నాకుంది, పీకే అధికారం లేదు.

నువ్వు అమ్మవారి జోలికి పోకు అన్నావు. ఎందుకన్నావో ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పు.

ఓంకార్


పార్వతీపురం,
ఆగస్టు 25.

ఓంకార్‌కు,

అమ్మవారిని రాయి అని నా చేత్తో రాయలేక అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు ఐదో తరగతిలో ఉండగా అమ్మకు టైల్సు గద్దె కట్టి సిమెంటు పోశారు. అందుకే నీకు తెలియదు. అంతకుముందు ఏటేటా సంబరానికి అమ్మను గల్లీలో మగవాళ్ళు నలుగురు ఎత్తి, గోనెలో కూర్చోబెట్టి, భుజాల మీద అర్పా నదికి తీసుకుపోయేవారు. ఆడవాళ్ళం ఇసకలో స్నానం చేయించేవాళ్ళం. పసుపంతా కరిగి నీళ్ళలో పోయాక వీపు మీద అక్షరాలు కనిపించేవి. అందరం చూశాం. ఎవరూ చదవలేదు. చదవడం వచ్చినదాన్ని నేనూ చదవలేదు.

తిరిగి తెచ్చేసరికి చీకటి పడేది. మోసినవాళ్ళు కల్లు మీద ఉండేవారు. ఆ ఏడు సంబరం ఖర్చు పెట్టుకున్న ఇంటివాళ్ళు దారికి అడ్డంగా వచ్చి, "మా గుమ్మం కేసి కూసింత జరిపి కూకోబెట్టండి, అమ్మ సూపు మా మీద పడాల" అని బతిమాలేవారు. కూసింత జరిపేవారు. మరుసటేడు ఇంకొకరు. ప్రతివాళ్ళూ ఇళ్ళ కేసి జరిపించుకున్నవాళ్ళే గానీ లైను కేసి జరపమన్నవాళ్ళు లేరు. నేను బడికి వెళ్ళే రోజుల్లో అమ్మ పట్టాల పక్కన, సిగ్నలు స్తంభం దగ్గర ఉండేది. నా పెళ్ళినాటికి మంగాయమ్మ పశువుల పాక దాకా వచ్చింది. ఇప్పుడు గల్లీలోపలికి వచ్చేసింది.

అర్థమైందా? మీరు రాయి ఉన్నచోట మేకు కొట్టారు. రాయి అక్కడిది కాదు. దాన్ని అసలు చోటుకు పంపిస్తే దానితో పాటు నీ గీత కూడా పట్టాల దగ్గరకు వెళ్ళిపోతుంది. ఇళ్ళు బయటపడతాయి.

ఇదంతా కళ్ళారా చూశానని వేరే కాగితం మీద రాసి, సంతకం చేసి దీనితో పెట్టాను. మీ సారుకు చూపించు. అమ్మ మనల్ని క్షమిస్తుంది. ఇల్లు కాపాడుకోమనే కదా అంత దూరం మన వెంట వచ్చింది.

శాంతత్త


బిలాస్‌పూర్,
సెప్టెంబరు 11.

అత్తా,

నీ ఉత్తరం చదివి గల్లీలో ఒక గంతు వేశాను. గిరిబాబు సెల్యూట్ కూడా మర్చిపోయి చూశాడు.

జయప్రకాష్ గారు రెండుసార్లు చదివారు. ఆఫీసులో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే కాబట్టి గట్టిగానే చదివారు. "చెప్పింది నూటికి నూరు పాళ్ళు సాధ్యమే. ఒక మూల ఒక్క మేకు తప్పు పడితే చాలు, పటం అటు వంగిపోతుంది" అన్నారు. నువ్వన్న కల్వర్టు నుంచి కొలుద్దామంటే అది మరీ దూరం, లెక్క నిలవదన్నారు. రాయి ఉన్న అసలు చోటు తవ్వి చూద్దామా అంటే, ఇప్పుడది కొత్త లైను కట్ట కింద ఉంది, మీద కంకర పోసేశారు. ఉపగ్రహాన్ని అడుగుదామంటే, అది పుట్టకముందే అమ్మ సగం దూరం నడిచేసింది. ఇక మిగిలింది మనుషుల నోటి మాట. "మీ అత్తగారు దూరంగా ఉన్నారు, పైగా మీ బంధువు. గల్లీలో పెద్దవాళ్ళు విచారణకు వచ్చి, రాయి జరిగింది, మేం చూశాం అంటే షీటు మళ్ళీ తెరిపిస్తాను. నా పూచీ" అన్నారు.

పెద్దవాళ్ళంటే మామ్మే కదా. ఒక్క మాట! ఇంటికి పరిగెత్తాను.

అత్తా, అప్పటికే తెలిపారా పేటలో ఉండే వకీలు గారు వచ్చి వెళ్ళారు. గుడి ఉన్నచోట ఇళ్ళు కూల్చడానికి జంకుతారని ఆయన ఎత్తు. పదకొండు ఇళ్ళవాళ్ళూ కలిసి అర్జీ పెట్టారు. అందులో ఏముందో చెప్పనా? అసిరితల్లి స్వయంభువు. నేలలోంచి తనంతట తాను వెలిసింది. రైలు రాకముందు నుంచీ అక్కడే ఉంది, వెలిసిన చోటు నుంచి వెంట్రుక వాసి కూడా కదలలేదు. కింద మొదటి సంతకం అప్పలనర్సమ్మ. మీ అమ్మ.

నేను అరిచాను. సంబరానికి ఎత్తుకెళ్ళేవారట కదా అన్నాను. అప్పుడు మంగాయమ్మ పిన్ని, "ఏటి, ఇల్లు తినీసింది సాల్లేదేటి, ఇప్పుడు అమ్మని కూడా రాయి సేసేత్తావా?" అంది. నాన్న నా రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు. మామ్మ మాత్రం కంది పప్పులో రాళ్ళేరుకుంటోంది.

నేను చెబితే వినరు. నువ్వు చెప్పు, నీ అమ్మే కదా.

ఓంకార్


పార్వతీపురం,
సెప్టెంబరు 20.

ఓంకార్‌కు,

పక్కింటి రాజశ్రీ చేత ఫోను చేయించాను. నేను ఇటు నుంచి అరవడం, అటు మాట్లాడింది ఆ పిల్ల కాగితం మీద రాసి నాకు చూపించడం. అలా మాట్లాడుకున్నాం నేనూ మా అమ్మా.

ఆ పిల్ల రాసిన కాగితం ఇలా ఉంది: "నీకు సెవులు పోనాయనుకున్నాను. కళ్ళు కూడా పోనాయేటే? నువ్వు సూసినావా? ఏటి సూసినావు? నానేటీ సూడలేదు."

స్నానానికి బిందెతో నీళ్ళు పోసింది ఆవిడే. అక్షరాల మీద పసుపు మెత్తింది ఆవిడే. నేను పక్కన నిలబడి గిన్నె అందించాను.

 విచారణ నాడు ఆవిణ్ణి నువ్వే తీసుకెళ్ళు. అధికారి ముందు అబద్ధం ఆడదని నా ఆశ. ఆశే.

శాంతత్త


బిలాస్‌పూర్,
అక్టోబరు 6.

అత్తా,

విచారణ అయిపోయింది.

అధికారి మర్యాదస్తుడు. మామ్మకు కుర్చీ వేయించాడు. హిందీలో, "మాతాజీ, ఈ రాయి ఎప్పుడైనా చోటు మారిందా?" అని అడిగాడు. మామ్మకు హిందీ రాకేం, కూరగాయలవాణ్ణి ఏడిపించే హిందీ ఉంది. కానీ, "ఇది అమ్మ ముందర మాట. తెలుగులోనే సెప్తాను" అంది. రెండు భాషలూ తెలిసినవాడెవడు అన్నారు. అందరూ కలిసి నన్ను ముందుకు తోశారు.

మామ్మ నా కేసి చూసింది. "అమ్మ కదిలితే నోకం కదిలిపోదేటి బాబూ? సెప్పు ఆయనకి. అమ్మ ఎక్కడున్నాదో అక్కడే ఉన్నాది. నాను కాపరానికొచ్చిన కాణ్ణుంచీ సూత్తన్నాను."

నా నోట్లో ఇంకో హిందీ వాక్యం సిద్ధంగా ఉంది. "జరిగింది సాబ్, ఏటేటా జరిగింది" అని. ఆ వాక్యంలో పదకొండు ఇళ్ళున్నాయి. కానీ వెనక బల్లల మీద గల్లీ అంతా కూర్చుంది. అందరికీ హిందీ వచ్చు. పైగా ఆవిడ చూపు నా మీదే ఉంది. ఆవిడ అన్నది అన్నట్టు చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒక మాటను పోకిరీతనం కలపకుండా ఒకరి నుంచి ఇంకొకరికి అందించాను.

అధికారి తల పంకించాడు. నీ కాగితం నేనే బల్ల మీద పెట్టాను. చదివించుకున్నాడు. "కూతురు జరిగిందంటోంది. తల్లి, పది కుటుంబాలు జరగలేదంటున్నాయి. నేనెవర్ని నమ్మాలి?" అన్నాడు. రాయి కదలలేదని నివాసులే ఒప్పుకున్నారు గనుక మేకు సరైన చోటే ఉంది, మేకు సరైనదే గనుక గీత సరైనదే అని రాసుకున్నాడు. వకీలు గారు లేచి, గుడి సంగతేమిటన్నారు. అధికారి, ప్రజల మనోభావాలను గౌరవిస్తాం, గుడిని ముట్టుకోం, చుట్టూ కంచె వేస్తాం అన్నాడు. ఇళ్ళే తీస్తారు. దీపావళి అయ్యేదాకా గడువు.

బయటకు వచ్చాక మంగాయమ్మ పిన్ని ఏడుస్తూ, "పోనీలెండి, అమ్మని కూడా ఎత్తుకు పోదాం, ఎక్కడుంటే అక్కడ పెట్టుకుందాం" అంది. వకీలు గారు ఫైలు మూస్తూ, "ఎలా ఎత్తుతారమ్మా? కదలదని మీరే రాసిచ్చారు. ఇప్పుడు అది వాళ్ళ సరిహద్దు రాయి కూడానూ" అన్నారు. గిరిబాబు నాకు సెల్యూట్ కొట్టలేదు. దానికే భయం వేసింది.

ఇంటికొచ్చాక అడిగాను. "ఒక్క మాట మామ్మా. జరిగింది అంటే ఇల్లు మిగిలేది."

"తెల్సురా."

"తెలిసీ?"

"మీ తాత పోనప్పుడు ఆ అమ్మ కాడికే ఎలిపోయి ఏడిసినాను. మీ నాన్నకి కామెర్లొచ్చినప్పుడూ ఆడికే. దాన్ని పట్టుకుని రైల్వే వోళ్ళ రాయని నా నోటితో అన్నాననుకో, అప్పుడు నాను ఇన్నాళ్ళూ ఏడిసింది ఎవుల కాడ?"

లేచి ఆవిడ మందులు తెచ్చి చేతిలో పెట్టాను అత్తా.

నాన్నా నేనూ రోజూ ఉస్లాపూర్ వైపు అద్దె ఇళ్ళు చూస్తున్నాం. రుబ్బే గ్రైండరు ఉందనగానే ఓనర్లందరికీ అదే గదిలోకి చుట్టాలు రాబోతున్నారని గుర్తొస్తోంది. ఇంకా ఏదీ కుదరలేదు. నిన్న మామ్మ లాప్‌టాప్ తెమ్మంది. చెరువు చూస్తుందేమో అనుకున్నాను. "మన ఇల్లు సూపించు" అంది. అటు జరిపాను. తాత ఇల్లు కట్టకముందు గీసిన పటం కదా, అక్కడ ఖాళీ నేల. ఇటు జరిపాను. ఇంటి కప్పు, మీద ఎండబెట్టిన మన దుప్పటి కూడా కనిపించింది. "ఇదుంటాదా ఇలగే?" అంది. ఉపగ్రహం మళ్ళీ ఫోటో తీసేదాకా ఉంటుందన్నాను. తర్వాత రెండు వైపులా ఖాళీయే. మామ్మ మీట మీద చెయ్యేసి, ఇల్లు కనిపించే వైపే పట్టుకుని కూర్చుంది. బ్యాటరీ అయిపోయేదాకా.

ఉద్యోగం మానేయనా అంటే నాన్న వద్దన్నాడు. అద్దె కట్టాలి కదా అన్నాడు.

ఓంకార్


పార్వతీపురం,
అక్టోబరు 30.

చిరంజీవి ఓంకార్‌కు,

నీ ఉత్తరంలో తప్పులేమీ వెతకలేదు.

మా అమ్మతో నేనింకేమీ అనను. ఆవిడ ఏడ్చిన చోటు ఆవిడది. నా కాగితం దాని ముందు ఎంతని?

గ్రైండరు ఇక్కడికి పంపించండి. ఇల్లు దొరికేదాకా మా వరండాలో ఉంటుంది. కావాలంటే మీరందరూ రండి, అని రాయబోయి ఆగాను. మీ నాన్న బండి అక్కడుంది, నీ పని అక్కడుంది, అమ్మ తన అమ్మను వదిలి రాదు. నాకు తెలుసు.

కొత్త చిరునామా ఇంకా లేదన్నావు. అందుకని ఈ ఉత్తరం పాత ఇంటికే వేస్తున్నాను. నీకు అందితే ఆ గుమ్మం ఇంకా ఉన్నట్టు. లేకపోతే పోస్ట్‌మాన్ ముద్ర కొట్టి నాకే తిప్పి పంపుతాడు. అది తిరిగివస్తుందేమో అని రేపటి నుంచి రోజూ గేటు దగ్గర నిలబడతాను.

శాంతత్త